తెలివైనవాళ్లు దేవుణ్ణి నమ్మరా? అపోహలు - వాస్తవాలు

మానసిక పరీక్షలు, వాటి గణాంకాలు నా వృత్తి. తెలివికీ మతవిశ్వాసానికీ ఉన్న సంబంధాన్ని చెప్పే అంకె ఒకటుంది. మా రంగంలో ఇంతగా దుర్వినియోగమయ్యే అంకె మరొకటి నాకు కనబడలేదు. దాంతో భక్తుల్ని తెలివితక్కువవాళ్లని వెక్కిరించేవారు ఉన్నారు. అది విని నొచ్చుకుని, పరిశోధనలన్నీ బూటకమని కొట్టిపారేసేవారూ ఉన్నారు.

అపోహ: తెలివి ఉంటే విశ్వాసం ఉండదు.

వాస్తవం: 2013లో జుకర్‌మన్, సిల్బర్‌మన్, హాల్ అనే ముగ్గురు పరిశోధకులు 63 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఐక్యూకీ (తెలివిని కొలిచే పరీక్షలో వచ్చే స్కోరు) మతవిశ్వాసానికీ మధ్య సగటు సహసంబంధం -0.24 అని తేలింది. సహసంబంధం 0 అయితే రెంటికీ పొత్తు లేనట్టు, 1 లేదా -1 అయితే పూర్తిగా ముడిపడినట్టు. ఒకటి పెరిగితే రెండోది కొంచెం తగ్గే ధోరణి ఉందన్నమాట. ధోరణి నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ దాని పరిమాణం చూడండి. మనుషుల విశ్వాసాల్లో కనిపించే తేడాల్లో ఐక్యూతో ముడిపడింది సుమారు 6 శాతమే. ఎవరో ఇద్దర్ని ఎంచుకుని, ఐక్యూ ఎక్కువున్నవారికే భక్తి తక్కువని పందెం కాస్తే, నూటికి 58 సార్లు గెలుస్తారు. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు గెలుస్తాం. ఒక మనిషి భక్తిని చూసి తెలివిని అంచనా కట్టడానికి ఈ తేడా ఏమూలకూ చాలదు.

అపోహ: లోతుగా ఆలోచింపజేస్తే నమ్మకం సడలుతుంది.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2012లో ‘సైన్స్’ పత్రికలో జర్వే, నోరెన్‌జయాన్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఆలోచనలో మునిగిన మనిషిగా ఫ్రెంచి శిల్పి రోడిన్ మలచిన ప్రసిద్ధ శిల్పం ఫొటో చూసినవాళ్లు, వేరే శిల్పం చూసినవాళ్లకంటే దేవుడిపై తక్కువ నమ్మకం చూపారన్నది అందులోని ఒక ఫలితం. పాల్గొన్నది 57 మందే. పత్రికలు మాత్రం పతాక శీర్షికలు పెట్టాయి. ఆ తర్వాత చాలా పెద్ద నమూనాలతో, అంటే చాలా ఎక్కువ మందితో, అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. తన పాత ప్రయోగం బలహీనమైందని జర్వే స్వయంగా ఒప్పుకోవడమే కాదు, 2018లో మరికొందరితో కలిసి 13 దేశాల్లో విశ్లేషణాత్మక ఆలోచనకూ (తోచిందే నమ్మేయకుండా తర్కించి చూడటం) నాస్తికత్వానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించారు. మొత్తమ్మీద అది బలహీనంగా, దేశాన్నిబట్టి మారేదిగా తేలింది. నా దృష్టిలో సైన్సు గౌరవం నిలిపిన పని ఇది. మొదటి శీర్షిక చదివినవారిలో ఎందరికి ఈ సంగతి చేరిందన్నదే నా బాధ.

అపోహ: నాస్తికులు ఎక్కువున్న దేశాల్లో ఐక్యూ ఎక్కువ. ఇంకేం రుజువు కావాలి?

వాస్తవం: 2009లో 137 దేశాల సగటులతో లిన్, హార్వే, నైబోర్గ్ అనే పరిశోధకులు ఐక్యూకీ నాస్తికుల శాతానికీ మధ్య 0.60 సహసంబంధం చూపారు. కానీ చదువు, ఆదాయం, ఆరోగ్యం, రాజ్య విధానం అన్నీ దేశంతో పాటే మారతాయి. పైగా చాలా దేశాల ఐక్యూ సగటులకు ఆధారమైన నమూనాలే నాసిరకం. దేశాల సగటుల మధ్య సంబంధాన్ని వ్యక్తులకు అంటగట్టడం గణాంకశాస్త్రంలో పేరున్న తప్పు.

అపోహ: ఈ ఫలితాలు అన్ని మతాలకూ వర్తిస్తాయి.

వాస్తవం: వర్తిస్తాయని చెప్పలేం. 2013 విశ్లేషణలోని అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికాలో జరిగినవి. విశ్వాసాన్ని కొలిచినప్పటికంటే చర్చికి వెళ్లడంలాంటి ఆచరణను కొలిచినప్పుడు సంబంధం ఇంకా బలహీనపడింది. నమ్మకం ఉందా లేదా అని అడగకుండా ఆచారాన్నే ప్రధానంగా చూసే సంప్రదాయాల్లో ‘మీరు దేవుణ్ణి ఎంత గట్టిగా నమ్ముతారు?’ అనే ప్రశ్న అసలు దేన్ని కొలుస్తోందో ముందు తేల్చాలి.