వైకల్య సేవల ఆఫీసుల్లో ట్రైనింగ్, పని వాతావరణం: అపోహలు - వాస్తవాలు

వైకల్యం ఉన్నవారికి సేవలందించే ప్రభుత్వ సంస్థల్లో సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా పని. కౌంటర్‌లో కూర్చునేవాళ్లు, ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకునేవాళ్లు, దరఖాస్తులు పరిశీలించేవాళ్లు, వాళ్ల మీద ఉండే అధికారులు అందరూ ఈ తరగతులకు వస్తారు. పైనుంచి కిందిదాకా అందరి నోటా వినిపించే కొన్ని నమ్మకాలున్నాయి. వాటి మీదే డబ్బూ సమయమూ ఖర్చవుతున్నాయి. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి మాత్రం తేడా కనిపించట్లేదు. అందుకే ఒక్కొక్కటీ తీసి మాట్లాడుకుందాం.

అపోహ: ఏడాదికోసారి ట్రైనింగ్ పెడితే సిబ్బంది మారతారు.

వాస్తవం: నేర్చుకున్నదాన్ని మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోకపోతే మొదటి కొన్ని గంటల్లోనే చాలాభాగం జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. అయినా మనం ఏడాది మొత్తానికి సరిపడా విషయం ఒక్కరోజులో, స్లయిడ్ల మీద, నాలుగు గోడల మధ్య చెప్పేసి హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటున్నాం.

వైకల్య సేవల రంగంలో పరిశోధనల్లో నిలబడ్డ శిక్షణ పద్ధతికి నాలుగు భాగాలున్నాయి. చెప్పడం, చేసి చూపించడం, వాళ్లతో చేయించడం, అక్కడికక్కడే సరిదిద్దడం. నైపుణ్యం పట్టుబడేదాకా చివరి రెండూ మళ్లీ మళ్లీ జరగాలి. ఎక్కువ ఆఫీసుల్లో మొదటిదాంతోనే టైమ్ అయిపోతుంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సెరిబ్రల్ పాల్సీ (కదలికల మీదా, కొందరిలో మాట మీదా ప్రభావం చూపే మెదడు సంబంధిత వైకల్యం) ఉన్న యువకుడు తల్లితో కలిసి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. అతని మాట అంత స్పష్టంగా ఉండదు. ఒక వాక్యం చెప్పాడు, ఉద్యోగికి సగమే అర్థమైంది. అలాంటప్పుడు సాధారణంగా రెండిట్లో ఒకటి జరుగుతుంది. అర్థమైనట్టు తల ఊపేస్తారు, లేదంటే తల్లి వైపు తిరిగి ‘ఏమంటున్నాడమ్మా?’ అని అడుగుతారు. మొదటి దాంతో దరఖాస్తులో తప్పు పడుతుంది. రెండో దాంతో పాతికేళ్ల మనిషి తన సొంత పని మీద వచ్చిన చోట లెక్కలో లేకుండా పోతాడు.

చేయాల్సిన పని చిన్నదే. అతని ముఖం చూసి వినాలి. వాక్యం మధ్యలో అందుకుని మనం పూర్తి చేయకూడదు. అర్థమైనంత వరకు తిరిగి చెప్పాలి: ‘పెన్షన్ ఆగిందంటున్నారు, అంతవరకు అర్థమైంది. ఏ నెల నుంచో సరిగా వినపడలేదు, ఇంకోసారి చెప్తారా?’ వినడానికి ఇది ఎంతో తేలిక. చేయించి చూస్తే తెలుస్తుంది, ఎదుటి మనిషి మాట కూడదీసుకునే ఆ కొద్ది క్షణాలు మౌనంగా ఆగడం ఎంత కష్టమో. టెన్షన్‌తో మధ్యలో ఏదో ఒకటి అనేస్తారు. మూడు నాలుగు సార్లు చేశాక ఆ తొందర తగ్గుతుంది, గొంతు మారుతుంది. స్లయిడ్ మీద ‘ఓపికగా వినండి’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ మార్పు రాదు.

ఇంత చేసినా, మర్నాడు క్యూ పెరిగాక సూపర్‌వైజర్ వెనక నుంచి ‘త్వరగా కానివ్వండి’ అన్నాడంటే నేర్చుకున్నదంతా అక్కడితో సరి. తరగతిలో నేర్చుకున్నది పనిలోకి వస్తుందా రాదా అన్నది చాలావరకు పై అధికారి మద్దతు మీద, వాడుకునే అవకాశం మీద ఆధారపడుతుందని శిక్షణ మీద పరిశోధన చేసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కాబట్టి బడ్జెట్ ఒక్క బ్యాచ్‌కే సరిపోయేటట్లయితే ముందు సూపర్‌వైజర్లను పిలవండి. కౌంటర్ పక్కన కాసేపు కూర్చుని గమనించడం, బాగా చేసింది ఏమిటో పేరుపెట్టి చెప్పడం, సరిచేయాల్సిన ఒక్క విషయాన్ని పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పడం వాళ్లకు నేర్పండి.

అపోహ: కళ్లకు గంతలు కట్టి నడిపిస్తే, కాసేపు వీల్‌చైర్‌లో కూర్చోబెడితే వాళ్ల కష్టం తెలిసొస్తుంది.

వాస్తవం: ఈ కార్యక్రమం ఫొటోల్లో బాగా వస్తుంది, పాల్గొన్నవాళ్లు కదిలిపోతారు కూడా. అయితే 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో, కళ్లకు గంతలు కట్టుకుని పనులు చేసి చూసినవాళ్లు ఆ తర్వాత చూపులేనివారు ఉద్యోగం చేయగలరా, సొంతంగా బతకగలరా అంటే తక్కువగా అంచనా వేశారు. 2017లో వచ్చిన మరో పరిశోధనలోనూ పాల్గొన్నవారిలో జాలి, ఆందోళన, నిస్సహాయత పెరిగాయి గానీ, వైకల్యం ఉన్నవారితో కలిసి మెలగడంలో వైఖరి మెరుగుపడలేదు.

ఎందుకంటే గంతలు కట్టుకున్న మనిషికి తెలిసేది చూపు పోయిన మొదటి పది నిమిషాల భయం. ఏళ్ల తరబడి తెల్ల కర్రతో తిరిగి, కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసే మనిషి జీవితం దాంట్లో కనిపించదు. అలా భయపడి వెళ్లిన ఉద్యోగి రేపు ఒక దరఖాస్తు ముందు కూర్చుని ‘ఈమె ఒంటరిగా ఉండలేదు’ అని రాస్తే ఆ నష్టం మామూలుది కాదు.

దీని బదులు వైకల్యం ఉన్నవారినే శిక్షకులుగా పిలవండి. తమ కథ చెప్పి కన్నీళ్లు తెప్పించడానికి పిలవొద్దు. మీ ఫారం ఎక్కడ ఆగిపోతోందో, మీ వెబ్‌సైట్ స్క్రీన్ రీడర్‌తో ఎక్కడ చదవడం కుదరట్లేదో చేసి చూపించడానికి పిలవండి. మిగతా శిక్షకులకు ఇచ్చే ఫీజే వాళ్లకూ ఇవ్వండి. శాలువాతో సరిపెట్టొద్దు.

అపోహ: మా వాళ్లకు మనసు మంచిది, అది చాలు.

వాస్తవం: మంచి మనసు కావాలి, కానీ దాంతోనే చాలా తప్పులు జరుగుతాయి. జాలితో మనిషి తరఫున మనమే నిర్ణయం తీసుకుంటాం, ‘ఆయనకెందుకు శ్రమ’ అని సంతకం కొడుకు చేత పెట్టిస్తాం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం పన్నెండో అధికరణం మిగతా అందరితో సమానంగా వైకల్యం ఉన్నవారికీ చట్టపరమైన నిర్ణయాధికారం ఉందంటుంది. అవసరమైతే నిర్ణయం తీసుకోవడానికి సాయం అందేలా చూడాలంటుంది.

ఇంకో ప్రమాదం ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న మనిషి ఉన్నట్టుండి తిండి మానేసినా, చిరాకు పడుతున్నా ‘వాళ్లంతే’ అని వదిలేయడం. పంటినొప్పో, కడుపునొప్పో, దిగులో అయి ఉండొచ్చు. పాత వైకల్యం నీడలో కొత్త జబ్బు కనిపించకుండా పోయే ఈ ధోరణిని పరిశోధకులు 1982లోనే గుర్తించి పేరు పెట్టారు. ఇళ్లకు వెళ్లే సిబ్బందికి ‘ఇది ఎప్పటి నుంచి? అంతకుముందు ఎలా ఉండేవారు?’ అన్న రెండు ప్రశ్నలు అలవాటు చేయాలి. ప్రేమ ఎంతున్నా ఈ ప్రశ్నలు వాటంతట అవి రావు.

అపోహ: చట్టం తెలిస్తే చాలు, మిగతాది అదే వస్తుంది.

వాస్తవం: సెక్షన్లు తెలిసిన ఉద్యోగి ఫైల్ వెనక్కి పంపడానికి కూడా అదే సెక్షన్ వాడగలడు. చట్టం నేర్పాల్సిందే, అయితే ఒక్కో సెక్షన్ పక్కన ఒక్కో నిజమైన కేసు పెట్టి, ‘మీరైతే ఏం రాస్తారు?’ అని అడిగి నేర్పాలి.

అపోహ: ఫిర్యాదులు రావట్లేదంటే ఆఫీసు బాగా నడుస్తున్నట్టే.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. అమెరికన్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి నాయకత్వం, మంచి వాతావరణం ఉన్న నర్సింగ్ బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివాళ్లు పొరపాటు జరిగితే బయటికి చెప్పడానికి భయపడకపోవడమే కారణమని ఆమె వివరించారు. మిగతాచోట్ల జరిగినవి కాగితం దాకా రాలేదు.

కాగితం మీదికి వచ్చినా ఎవరూ చదవకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని వింటర్‌బోర్న్ వ్యూ చూపించింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారిని ఉంచిన ఆ ప్రైవేట్ ఆసుపత్రిలో సిబ్బంది రోగులను కొట్టడం, హింసించడం 2011లో బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. పదకొండు మందికి శిక్ష పడింది, ఆరుగురు జైలుకు వెళ్లారు. అయితే అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు అంతకుముందే యాజమాన్యానికి రాశారు, నియంత్రణ సంస్థకూ చెప్పారు. ఎవరూ కదల్లేదు. అంటే లోపలి మనిషి నోరు విప్పలేదని అనడానికి లేదు. వినాల్సినవాళ్లు వినలేదు.

‘నిర్భయంగా చెప్పండి’ అని గోడకు పోస్టర్ అంటించినంత మాత్రాన ఎవరూ నోరు విప్పరు. మొదటిసారి చెప్పిన మనిషికి ఏం జరిగిందో మిగతావాళ్లంతా గమనిస్తూ ఉంటారు. ఆయనకు వారంలో జవాబు వచ్చిందా, బదిలీ వచ్చిందా? ఆఫీసు వాతావరణం ఏమిటన్నది అక్కడ తేలిపోతుంది. నెలవారీ మీటింగ్‌లో టార్గెట్ల కన్నా ముందు ‘ఈ నెల ఎక్కడ పొరపాటు జరిగింది, దేనివల్ల జరిగింది’ అన్న అంశం పెట్టండి. మొదటి పొరపాటు పై అధికారే చెప్పాలి. కిందివాళ్లతో మొదలుపెడితే అది విచారణలా ఉంటుంది.

అపోహ: స్టాఫ్ ఇబ్బందులు వేరు, సేవల నాణ్యత వేరు.

వాస్తవం: ఒకే మనిషి నెత్తిన చూడలేనన్ని కేసులు పెట్టి, ప్రతిదానికీ మెమో ఇచ్చి, సెలవు అడిగితే విసుక్కుని, అదే మనిషిని కౌంటర్‌లో ఓపికగా ఉండమంటే ఎలా? ఇళ్లకు వెళ్లేవాళ్లు గొలుసుతో కట్టేసిన మనుషుల్ని చూస్తారు, పిల్లల మీద వేధింపుల గురించి వింటారు. సాయంత్రం ఆఫీసుకొచ్చి ఫారం నింపి ఇంటికెళ్లిపోతారు. అలాంటి సందర్శన తర్వాత సీనియర్‌తో కూర్చుని మాట్లాడే సమయం పని గంటల్లోనే ఉండాలి. దీన్ని సౌకర్యాల పద్దులో వేస్తే ఖర్చు తగ్గించేటప్పుడు మొదట తీసేసేది ఇదే. సేవల పద్దులోనే చూపించండి.

అపోహ: వైకల్యం ఉన్నవారిని ఇద్దరు ముగ్గుర్ని ఉద్యోగంలోకి తీసుకుంటే వాతావరణం అదే మారిపోతుంది.

వాస్తవం: తీసుకోవడం మంచి పనే. ఆ తర్వాత బధిర ఉద్యోగిని మీటింగ్‌లో సంజ్ఞా భాష అనువాదకులు లేకుండా కూర్చోబెడితే, చూపులేని ఉద్యోగికి స్క్రీన్ రీడర్ చదవలేని స్కాన్ కాపీల ఫైళ్లు పంపితే, వాళ్లు అక్కడ ఉన్నా లేనట్టే. అవసరమైన ఏర్పాట్లు చేయకపోవడం కూడా వివక్షేనని ఐక్యరాజ్యసమితి ఒప్పందం రెండో అధికరణం స్పష్టంగా చెప్పింది. ఆఫీసులో వైకల్యానికి సంబంధించిన ప్రతి చర్చా వాళ్ల నెత్తినే వేయడం కూడా అన్యాయం. వాళ్లను అకౌంట్స్‌కీ ఐటీకీ తీసుకున్నారు, ఆ పని చేయనివ్వండి. ప్రమోషన్ల జాబితాలో వాళ్ల పేరుందో లేదో చూడండి.

అపోహ: ట్రైనింగ్ బాగుందని అందరూ ఫీడ్‌బ్యాక్ రాశారు, కాబట్టి పనిచేసింది.

వాస్తవం: శిక్షణను అంచనా వేయడానికి నాలుగు మెట్లున్నాయని అమెరికన్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మూడోదీ నాలుగోదీ చూడాలంటే తరగతి వదిలి ఆఫీసుకు వెళ్లాలి. ఒకే పనికి ఎంతమంది రెండోసారి రావాల్సి వచ్చింది? వెనక్కి పంపిన దరఖాస్తులు తగ్గాయా?

ఉత్తరాలు చూసినా తెలిసిపోతుంది. ‘మీ దరఖాస్తు తిరస్కరించబడినది. కారణం: పత్రములు అసంపూర్ణము’ అని రాస్తే, అందుకున్న మనిషి బస్సెక్కి వచ్చి ‘ఏ కాగితం?’ అని అడగాల్సిందే. ‘మీ దరఖాస్తు ఆగింది. డాక్టరు రిపోర్టు రెండో పేజీ లేదు. అది పంపితే చాలు, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టక్కర్లేదు’ అని రాస్తే ఆ ప్రయాణం తప్పుతుంది. ట్రైనింగ్‌కు ముందు నెలలో పంపిన ఉత్తరాలు కొన్ని, మూడు నెలల తర్వాత పంపినవి కొన్ని తీసి, పేర్లు, చిరునామాలు కొట్టేసి, ఏవి ముందువో ఏవి తర్వాతవో చెప్పకుండా వైకల్యం ఉన్న కొందరి చేత చదివించండి. ఉత్తరం చదివాక ఏం చేయాలో తెలిసిందా అని అడగండి. వాళ్ల జవాబులు వచ్చే ట్రైనింగ్ ప్లాన్ వేసే అధికారి టేబుల్ మీద ఉండాలి.