చంటిపిల్లల నెమ్ము గురించి

చిరంజీవులైన పిల్లలకు,

ఇంట్లో చెల్లినో తమ్ముడినో చంకనెత్తుకుని తిరిగేది చాలాసార్లు మీరే కనుక ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. మనవాళ్లు నెమ్ము అని పిలిచే న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన ఇద్దరు పసివాళ్లకు ఒకే మందు, ఒకే వైద్యం అందినా, ఒకరు నాలుగైదు రోజుల్లో ఇంటికి వెళ్తారు, మరొకరికి ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాలో చాలా భాగం ఆసుపత్రి గడప తొక్కకముందే ఏర్పడి ఉంటుంది.

ముందుగా చూడవలసింది ఒంటి పుష్టి. అంగన్‌వాడీలో చంటివాళ్ల జబ్బకు చుట్టే రంగుల టేపును మీరు చూసే ఉంటారు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. అలాంటి బిడ్డకు నెమ్ము చేస్తే గండం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా సత్తువ లేని ఆ ఒంటికి ఒక్కోసారి జ్వరమే రాదు. ఒళ్లు కాలడం లేదు కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు. నన్నడిగితే ఇంతటి మోసకారి లక్షణం మరొకటి లేదు. ఏడాది నిండనివారు, నెలలు నిండకుండా పుట్టినవారు, తల్లిపాలు అందనివారు, కట్టెలపొయ్యి పొగలో పెరిగేవారు కూడా త్వరగా దెబ్బతింటారు.

అందుకే ఊపిరి మీద కన్ను వేసి ఉంచండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్న సమయంలో చొక్కా పైకి తీసి, గడియారం చూస్తూ, పొట్ట ఎన్నిసార్లు లేస్తున్నదో నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకుమించి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించమని పెద్దలకు చెప్పండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా, పెదవులు నీలంగా మారినా పసర్లనీ చురకలనీ ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఊపిరితిత్తుల్లోని గాలిగదులు నీటితో, చీముతో నిండితే నెత్తురుకు ఆక్సిజన్ చాలదు. నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటరులో 90 శాతంకన్నా తక్కువ కనిపిస్తే వెంటనే ఆక్సిజన్ పెడతారు. ‘ఆక్సిజన్ పెట్టారంటే ఇక ఆశ లేదన్నమాట’ అని కంగారుపడి గొట్టం తీయించబోయే బంధువులుంటారు. అది ఆశ వదులుకున్న గుర్తు కాదు, మందులాంటిదే.

ఈ జబ్బు తెచ్చే ఒక ముఖ్యమైన సూక్ష్మజీవిని అడ్డుకునే పీసీవీ అనే టీకాను 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేసే ఆ మూడు డోసుల తేదీలూ మీ ఇంటి టీకా కార్డులో ఉన్నాయేమో చూసి, ఏది ఖాళీగా ఉన్నా అమ్మతో చెప్పి, టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంను అడిగించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య