పాత డీవీఆర్లు, సర్వర్లు ఎందుకు తెరుచుకోవడం లేదు? 2013లో మొదలైన చిక్కు

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిశాక పాత తగాదా మళ్లీ లేచింది. దుకాణంలోని డీవీఆర్ (సీసీ కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె), సర్వర్ గదిలోని పాత మెషీన్ ఇంకా బాగానే నడుస్తున్నాయి. వాటి సెట్టింగు మార్చాలంటే మాత్రం యాక్టివ్‌ఎక్స్ లేదా జావా ప్లగిన్ (ఇవి బ్రౌజర్‌కు జతచేసే చిన్న ప్రోగ్రాములు) పనిచేసే పాత బ్రౌజర్ కావాలి. అందుకోసం దాచుకున్న పాత కంప్యూటర్లను తీసేయమంటున్నారు భద్రత తనిఖీ చేసే ఆడిటర్లు. తీసేస్తే వీటిని తెరిచేదెలా అంటున్నారు మెయింటెనెన్స్ వాళ్లు.

ఈ మాట రాగానే అందరికీ 2021 జనవరిలో ఆగిపోయిన అడోబీ ప్లగిన్ ఫ్లాషే గుర్తొస్తుంది. దాని సంగతి అడోబీ 2017 జులైలోనే చెప్పింది. అసలు మలుపు 2013 సెప్టెంబర్. ఎన్‌పీఏపీఐ అనే పాత పద్ధతిలో నడిచే ప్లగిన్లను (జావా కూడా అందులోదే) క్రోమ్ నుంచి తీసేస్తామని గూగుల్ ప్రకటించింది అప్పుడే. క్రోమ్ వాడేవారిలో అంతకుముందు నెలలో జావాను తెరిచినవారు 8.9 శాతమని అందులో లెక్క కూడా చూపింది. లోపం ఆ లెక్కలోనే ఉంది. డీవీఆర్ సెట్టింగు నెలనెలా ఎవరు మారుస్తారు? ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఏదైనా చెడిపోయినప్పుడు తెరుస్తారు. నెలవారీ లెక్కకు ఆ టెక్నీషియన్ కనిపించడు.

ప్లగిన్లు ప్రమాదమన్న భద్రత వాదనలో నిజముంది. అదే ఏడాది జనవరిలో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖే బ్రౌజర్లలో జావాను ఆపేయమంది. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్ 45, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఆ ప్లగిన్ల దారి మూసేశాయి.

పరికరాల కంపెనీలు మాత్రం పాత కొనుగోలుదారులను గాలికొదిలేశాయి. డెల్ సర్వర్లను దూరం నుంచి నడిపే ఐడ్రాక్ అనే భాగంలో 7, 8 వెర్షన్లకు ప్లగిన్ అక్కర్లేని హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ వచ్చింది, ఐడ్రాక్ 6కు రాలేదు. ఐడ్రాక్ 6 ఉన్నచోట పని ఇలా సాగుతుంది: పాత ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్‌ఆర్ (ప్లగిన్లను ఉంచిన దీర్ఘకాల మద్దతు వెర్షన్), జావా 8 ఉంచుకుంటారు. జావా కంట్రోల్ ప్యానెల్‌లోని ఎక్సెప్షన్ సైట్ లిస్టులో సర్వర్ ఐపీ చేరుస్తారు. ఇంటర్నెట్ తీసేసి, కేబుల్‌ను నేరుగా మేనేజ్‌మెంట్ పోర్టుకే పెడతారు. దీన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఆడిటర్ అడిగే జాగ్రత్త ఇందులోనే ఉంది.

ఎడ్జ్ బ్రౌజర్‌లో పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా పనిచేసే ఐఈ మోడ్‌ను కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. యాక్టివ్‌ఎక్స్ డీవీఆర్లు చాలావరకు దాంతో విండోస్ 11లోనే తెరుచుకోవచ్చు. కంప్యూటర్ తీసేయమని రాసే ముందు ఆడిటర్లు పరికరం పక్కన కూర్చుని ఆ మోడ్‌లో ఒకసారి తెరిపించి చూడాలి. తెరుచుకోకపోతే, కొత్త పరికరానికి బడ్జెట్ వచ్చేదాకా ఇంటర్నెట్ లేని ఆ ల్యాప్‌టాప్‌ను ఉండనివ్వాలి.