ఉభయకుశలోపరి: గోదావరి డెల్టాలో జవాను ఇంటి ఎదురుచూపు

పాతకాలపు తెలుగు ఉత్తరాలు ‘ఉభయకుశలోపరి’ అంటూ మొదలయ్యేవి. ఇక్కడ మేము, అక్కడ మీరు క్షేమమని తేలాకే మిగతా సంగతులని దాని భావం. తక్కిన ఇళ్లలో అలవాటుగా చదివి దాటేసే ఆ మాట కోసమే మిలటరీవాళ్ల ఇళ్లలో ఉత్తరం విప్పేవారు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని మిలటరీ మాధవరమనే అందరూ పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఈ ఊరివారు వెళ్లారు. తాత, తండ్రి, కొడుకు వరుసగా సైన్యంలో చేరిన ఇళ్లు అక్కడ సాధారణం. ఊరి ఘనత చెప్పేటప్పుడు వెళ్లినవారి లెక్క చెబుతారు గాని, వారు వెళ్లాక ఇల్లు నడిపిన ఆడవారి సంగతి పెద్దగా ఎవరూ రాయలేదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవారిని నేటికీ సరిగ్గా పట్టించుకోకపోవడానికి మూలాలు అక్కడే ఉన్నాయని నా నమ్మకం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జవాను ఉత్తరం సెన్సారు అధికారి చేతుల మీదుగా బయలుదేరేది. చదువురాని భార్యకు దాన్ని పోస్టుమానో, బడిపంతులో అత్తమామల ఎదుట పైకి చదివి వినిపించేవారు. పంపేచోట ఒకరు, అందేచోట నలుగురు వినే ఉత్తరంలో భార్యాభర్తలు మనసులోని దిగులు రాసుకోగలిగే వీలెక్కడిది? అందువల్ల క్షేమసమాచారం, పంట, పశువు, అప్పు మాత్రమే మిగిలేవి. 1880లో మొదలైన మనియార్డరు ఆ ఇళ్లకు డబ్బుతోపాటు, ఆ తేదీనాటికి మనిషి బతికే ఉన్నాడన్న నిదర్శనాన్ని కూడా తెచ్చేది.

ఆయన లేనప్పుడు పొలం బాధ్యత ఆమెదే. కౌలుదారుతో లెక్కలు, బోదె (చిన్న పంటకాలువ) నీటి వంతు, గట్టు తగాదాలు, సార్వా కోతలకు కూలీలను కుదుర్చుకోవడం ఆమె చూసుకోవలసిందే. యుద్ధంలో ఉన్న సైనికుడిపై వేసిన సివిలు దావాను వాయిదా వేసేందుకు 1925లోనే చట్టం వచ్చిందంటే, ఇలాంటి చిక్కులు ఎంత విస్తారంగా ఉండేవో అర్థమవుతుంది. కోర్టు వాయిదా వేసినా, గట్టు మీద నిలబడి మాట్లాడే పని మాత్రం ఆమెకు తప్పేది కాదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడపైనా, విశాఖపట్నంపైనా బాంబులు వేసినప్పుడు యుద్ధం ఈ తీరానికే వచ్చింది. ఎక్కడో ఉన్న జవానే తన ఇంటి క్షేమం కోసం కంగారుపడే పరిస్థితి ఏర్పడింది. డెల్టాలో ఇది ఆ ఒక్కసారితో పోలేదు. 1986 ఆగస్టులో గోదావరి పోటెత్తినప్పుడూ, 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చినప్పుడూ, సరిహద్దున ఉన్నవారికి ఇంటి కబురు అందడం గగనమైంది. కాపలా కాసేవాడే ప్రమాదంలో ఉంటాడని, ఇల్లు భద్రమని అనుకోవడం ఏటిగట్ల కింద బతికే ఊళ్లకు సరిపడదు.

స్వాతంత్ర్యం తరువాత ‘కేరాఫ్ 56 ఏపీవో’ (ఆర్మీ పోస్టాఫీసు) అన్న చిరునామా ఈ ఇళ్లకు కంఠస్థమైంది. భద్రత కోసం యూనిట్ ఉన్న చోటు అందులో ఉండదు కనుక, భర్త మంచులో ఉన్నాడో ఎడారిలో ఉన్నాడో తెలియకుండానే ఆమె జవాబు రాసేది. టెలిగ్రాం వచ్చిందంటే మాత్రం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 1999 కార్గిల్ యుద్ధానికి ముందు, పోరులో చనిపోయినవారి అంత్యక్రియలు సాధారణంగా పోరు జరిగిన ప్రాంతంలోనే జరిగేవి; చివరిచూపు దక్కని ఆ భార్యల దుఃఖానికి ఊరు కూడా పూర్తిగా సాక్షి కాలేకపోయింది. కార్గిల్ నుంచి పార్థివదేహాలు సొంతూళ్లకు రావడం మొదలయ్యాక, ఊరంతా కదిలివచ్చి ఆ కుటుంబం పక్కన నిలబడగలిగింది.

ప్రభుత్వం, సైన్యం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. 1966లో ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం ఏర్పడింది. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని ఫీల్డు పోస్టింగుకు వెళ్లినవారి ఇంటివారికి కంటోన్మెంట్లలో విడిగా క్వార్టర్లు కేటాయించే ఏర్పాటూ ఉంది. క్వార్టర్లలో ఉన్న భార్యకు ఇరుగుపొరుగంతా తనలాంటివారే కాబట్టి, ఆ తోడు కొంత ధైర్యమిస్తుంది. అత్తమామలనూ పొలాన్నీ వదిలి రాలేక లంక ఊళ్లోనో కాలవ గట్టు పక్క ఊళ్లోనో ఉండిపోయిన కోడలికి ఆ తోడు అందదు. క్యాంటీను సరుకులు, వైద్యం, ధ్రువపత్రం దేనికైనా ఆమె బస్సెక్కి పట్నానికి వెళ్లవలసిందే. ఈ దూరాన్ని తగ్గించే పని ఇన్నేళ్లయినా సరిగ్గా జరగలేదన్నదే నా బాధ.

ఇప్పుడు ఉత్తరం స్థానంలో వీడియో కాల్ ఉంది. అయితే కబురు త్వరగా అందుతున్నకొద్దీ, అందని గంట మరింత భారమవుతోంది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక, ఫోను కలవని ఇళ్లలో టీవీ కట్టేయడానికీ, చూడటానికీ కూడా భయపడిన రోజులు గడిచాయి.

2022లో వచ్చిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం ఈ కథలో మరో మార్పు తెచ్చింది. సాధారణ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, దానిపై 30 రోజుల క్యాజువల్ సెలవు ఉండగా, నాలుగేళ్లు పనిచేసే అగ్నివీరుడికి ఉన్న వార్షిక సెలవు 30 రోజులే. పైగా చేరేనాటికి అతడు అవివాహితుడై ఉండాలి. భార్యను దృష్టిలో పెట్టుకుని కట్టిన క్వార్టర్లు, సంఘాలు ఆ ఇంటికి వర్తించవు. అక్కడ ఫోను దగ్గర కూర్చుని ఎదురుచూసేది తల్లి. ఆమెను ఏ కార్యాలయం పలకరించాలో ఇంతవరకూ ఎవరూ ఆలోచించినట్టు కనబడదు.