నల్లమందు రిసెప్టర్లు ఎలా దొరికాయి

లెవోర్ఫనాల్, డెక్స్‌ట్రోర్ఫాన్ అనే రెండు మందుల్లోనూ అవే పరమాణువులు, అతుకుల వరసా అదే. కాకపోతే అవి కుడిచేయి, ఎడమచేయి లాగా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. మొదటిది నల్లమందులోని మార్ఫిన్ కన్నా గట్టిగా నొప్పి తగ్గిస్తుంది, రెండోదానికి ఆ గుణం లేదు. మందు ఆకారాన్ని గుర్తుపట్టి దాన్ని పట్టుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్ ఏదో కణాల మీద ఉండాలని ఫార్మకాలజిస్టులు ఎప్పుడో ఊహించారు. దాన్ని పట్టుకోవడమే కుదరలేదు.

పట్టుకునే తర్కం 1971లో స్టాన్‌ఫోర్డ్‌లో అవ్రం గోల్డ్‌స్టీన్ బృందం చూపింది. మెదడు గుజ్జులో రేడియోధార్మిక లెవోర్ఫనాల్ కలపాలి. ఒక గొట్టంలో అంతకుముందే మామూలు లెవోర్ఫనాల్, మరో గొట్టంలో డెక్స్‌ట్రోర్ఫాన్ ఎక్కువ మోతాదులో వేసి ఉంచాలి. మొదటిది అడ్డుకోగలిగి, రెండోది అడ్డుకోలేకపోయిన భాగమే అసలు లెక్క. మొత్తం అంటుకున్న మందులో అది సుమారు 2 శాతమే తేలింది. లోపం తర్కంలో లేదు, మందులో ఉంది. దాని రేడియోధార్మికత తక్కువ. రేడియోధార్మికతను కొలిచే కౌంటర్‌లో అంకె కనబడాలంటే మందు ఎక్కువ పోయాలి, పోస్తే అది కొవ్వు పొరలకూ కనబడిన ప్రతిదానికీ అంటుకుంటుంది.

1973లో మూడు ప్రయోగశాలలు ఈ చిక్కు విప్పాయి: జాన్స్ హాప్‌కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్; న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్; ఉప్సాలాలో లార్స్ టెరెనియస్. పెర్ట్, స్నైడర్ మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్‌కు ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బాగా దట్టించారు. దాంతో కొన్ని నానోమోలార్ల గాఢతే, అంటే అతి కొద్ది మందే సరిపోయింది. గుజ్జును గాజునార వడపోత మీద పోసి, వాక్యూమ్‌తో లాగి, మంచులాంటి చల్లని బఫర్‌తో (ఆమ్లత మారకుండా ఉండే ద్రావణంతో) వెంటనే కడిగేవారు. అసలు విద్య ఈ కడగడంలోనే ఉంది. ఆలస్యమైనా, బఫర్ వెచ్చగా ఉన్నా రిసెప్టర్‌ను పట్టుకున్న మందూ ఊడిపోతుంది. కడగడం చాలకపోతే ఊరికే అంటుకున్నది మిగిలిపోయి అంకెను పాడుచేస్తుంది.

ఉప్పు సంగతీ అప్పుడే బయటపడింది. సోడియం కలిపితే మార్ఫిన్ లాంటివి రిసెప్టర్‌కు సరిగా అతకవు, నలోక్సోన్ లాంటి విరుగుళ్లకు మాత్రం ఢోకా ఉండదు. కొత్త మందు ఏ కోవదో జంతువుల జోలికి పోకుండానే చెప్పే వీలు దొరికింది.

గసగసాల కాయల పాలకోసం, అంటే నల్లమందు కోసం, మెదడు రిసెప్టర్ ఎందుకు పెట్టుకుంటుంది? 1975లో అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫాలిన్లను, అంటే మెదడు తానే తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి పదార్థాలను, బయటికి తీశారు. ఒక్కోదాంట్లో 5 అమైనో ఆమ్లాలే. విద్యుత్తు తగిలి ముడుచుకునే ఎలుక శుక్రవాహిక ముడుపును ఇవి మార్ఫిన్‌లాగే తగ్గించాయి, నలోక్సోన్ వేస్తే మళ్లీ మామూలైంది.

ఒకే రిసెప్టర్ అనుకున్నది కుటుంబమైంది. 1976లో విలియం మార్టిన్ కుక్కల మీద ప్రయోగాలతో మ్యూ, కప్పా, సిగ్మా అని విభజించాడు. మరుసటి ఏడు కాస్టర్లిట్జ్ బృందం డెల్టాను చేర్చింది. నలోక్సోన్‌కు లొంగని సిగ్మా తర్వాత కుటుంబం నుంచి బయటికి పోయింది. 1992లో లాస్ ఏంజెలిస్‌లో క్రిస్ ఎవాన్స్, స్ట్రాస్‌బర్గ్‌లో బ్రిజిట్ కీఫర్ బృందాలు విడివిడిగా డెల్టా జన్యువును పట్టుకున్నాయి. దాని పోలికతో వెతికితే 1993లో మ్యూ, కప్పా జన్యువులు దొరికాయి.

రకాలు వేరైతే నొప్పి తగ్గించడం ఒకదాని పని, అలవాటు చేయడం మరోదాని పని అయి ఉంటుందన్న ఆశ ఉండేది. 1996లో కీఫర్ బృందం మ్యూ లేని ఎలుకలను తయారుచేసింది. వాటికి మార్ఫిన్ ఇస్తే నొప్పీ తగ్గలేదు, వ్యసనమూ పట్టలేదు.