స్కోరుబోర్డులో లేని ఐదుగురు

2024 జనవరి 1, కాలిఫోర్నియాలోని పాసడీనా. మిషిగన్, అలబామా కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల మధ్య రోజ్ బౌల్ మ్యాచ్ టై అయి అదనపు ఆటలోకి వెళ్లింది. మిషిగన్ అప్పటికే స్కోరు చేసేసింది. అలబామాకు మిగిలింది ఒక్కటే ప్రయత్నం, దాటితే స్కోరు వచ్చే గీతకు 3 గజాల దూరం. ముందు వరుస నడుమ, సెంటర్ స్థానంలో వంగి ఉన్న సెత్ మెక్‌లాఫ్లిన్ కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించాడు. బంతి బాగా కిందికి వెళ్లింది. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ జేలన్ మిల్రో వంగి దాన్ని అందుకుని పరుగు తీసేసరికి ముందు దారి మూసుకుపోయింది. 27-20తో అలబామా ఓడింది. ఆ మ్యాచ్‌లో బంతి అలా కిందికి రావడం అదే మొదటిసారి కాదు. పైగా మిల్రోను ప్రత్యర్థులు 6 సార్లు వెనకే పట్టి పడేశారు.

మెక్‌లాఫ్లిన్ ఆ తర్వాత ఒహైయో స్టేట్‌కు మారాడు. ఏడాది తిరక్కుండానే, 2024 డిసెంబర్‌లో, దేశం మొత్తం మీద ఉత్తమ కాలేజీ సెంటర్‌కు ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అతనికే వచ్చింది.

మనిషి అతనే. మరి ఏది నమ్మాలి? అలబామాలో అతనికి నేర్పినవాళ్లు సరిగ్గా నేర్పలేదా, ఒహైయో స్టేట్‌లో ఎవరో మంత్రం వేశారా, లేక మనం ఒక్క బంతిని చూసి మనిషినంతా అంచనా వేశామా? ఈ ఆటలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి ఉంచే ప్రశ్న ఇదే. బంతి పట్టేవాళ్లకు, విసిరేవాళ్లకు అంకెలున్నాయి. దారి తీసిపెట్టే ఐదుగురికి సొంత అంకెలంటూ దాదాపు లేవు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు ముందు వరుసలో ఐదుగురు నిలబడతారు. నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. దీన్నే అఫెన్సివ్ లైన్ అంటారు. ఒక్కొక్కరు ఇంచుమించు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ఆట. పరుగెత్తే ఆటైతే దారి తెరవాలి. విసిరే ఆటైతే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను రెండున్నర, మూడు సెకన్లు ఆపాలి. అంతే పని.

ఈ పనిలో బలం కన్నా ఎత్తు ముఖ్యం. ఎత్తు అంటే ఎంత పొడుగున్నాడని కాదు, ఢీకొనే క్షణంలో భుజం ఎంత కిందుందని. మన ఊళ్లో బురదలో దిగబడిన ఎడ్లబండిని తోసేవాళ్లను గుర్తు చేసుకోండి. ఎవరూ నిటారుగా నిలబడి తొయ్యరు. మోకాళ్లు వంచి, భుజం చక్రానికి ఆనించి, కాళ్లతో నేలను తన్ని లేపుతారు. లైన్‌లో జరిగేది కూడా అదే. కింద నుంచి పైకి తోసినప్పుడు ఎదుటివాడి బరువులో కొంత మన మీదికి వస్తుంది. నేల మీద అతని ఒత్తిడి తగ్గుతుంది, దాంతో అతని బూట్లకు పట్టు తగ్గుతుంది. ఆ బరువే మన కాళ్ల మీద పడి మన పట్టు పెరుగుతుంది. ఒకే తోపుతో అతను తేలికవుతాడు, మనం బరువెక్కుతాం. అందుకే 130 కిలోల కుర్రాడు సరిగ్గా వంగితే 145 కిలోలవాణ్ణి నాలుగు గజాలు వెనక్కి తోసేయగలడు. కోచ్‌లు ఏళ్ల తరబడి తుంటి కిందికి, చేతులు లోపలికి అని అరిచేది ఇందుకే.

ఇంకో రహస్యం సమయం. బంతి ఎప్పుడు కదులుతుందో లైన్‌కు ముందే తెలుసు. ఎదుటివాళ్లు చూసి స్పందించాలి. కంటితో చూసి కాలు కదపడానికి మనిషికి సెకనులో ఐదో వంతో నాలుగో వంతో పడుతుంది. లైన్‌వాడికి ఉన్న మొగ్గు అంతా ఆ కాస్త సమయమే. పరాయి ఊళ్లో, లక్ష మంది ఒక్కసారిగా అరిచే స్టేడియంలో, ఆ మొగ్గు కూడా పోతుంది. క్వార్టర్‌బ్యాక్ గొంతు వినపడదు. గార్డ్ వెనక్కి తిరిగి చూసి సెంటర్‌ను తట్టాలి, సెంటర్ తల ఆడించాలి, ఆ తల ఊపును బట్టి అందరూ కదలాలి. తొందరపడి ముందే కదిలితే 5 గజాల శిక్ష. ఒక జట్టు సొంత మైదానంలో బాగా ఆడి, బయట పదే పదే ఈ శిక్ష తెచ్చుకుంటుంటే కోచ్‌ని గట్టిగానే అడగాలి. అది సాధనతో వచ్చే విద్య, పుట్టుకతో వచ్చేది కాదు.

చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్లకు లైన్ ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి మూలన ఉన్నవాడు పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసు కడతాడు. ఒకడు ఒక్క అడుగు ముందుకేసి రెండోవాడు ఆగిపోతే చెయ్యి జారుతుంది, కూత వచ్చినవాడు ఆ సందులోంచి గీత దాటిపోతాడు. ఇక్కడా అంతే. లెక్క వేసి చూద్దాం. ఐదుగురిలో ప్రతివాడూ నూటికి 95 సార్లు తన పని సరిగ్గా చేస్తాడనుకుందాం. విడివిడిగా చూస్తే ఐదుగురూ మంచి ఆటగాళ్లే. ఐదుగురూ ఒకేసారి సరిగ్గా చేసే అవకాశం మాత్రం 77 శాతమే. అంటే ప్రతి నాలుగైదు ఆటల్లో ఒకసారి ఎక్కడో కన్నం పడుతుంది. నలుగురు నూటికి 98 సార్లు గెలిచే మేటివాళ్లై, ఐదోవాడు 80 దగ్గర ఆగిపోతే మొత్తం 74 శాతానికి పడిపోతుంది. నలుగురు మేటివాళ్ల కన్నా ఐదుగురు మంచివాళ్లు నయం.

దీనికి అయోవా కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. టైలర్ లిండర్‌బామ్ ఆ కాలేజీకి డిఫెన్స్ ఆడడానికి వచ్చాడు. కోచ్‌లు అతన్ని సెంటర్‌గా మార్చారు. 2021లో రిమింగ్టన్ ట్రోఫీ గెలిచాడు, మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్‌లోనే వెళ్లాడు. ఒక మనిషిని మలచడంలో ఇది గొప్ప కోచింగ్, సందేహం లేదు. అయినా 2021లో గజాలు సంపాదించడంలో అయోవా దేశంలో అట్టడుగు జట్ల వరసలో ఉంది. నడిమధ్యలో దేశంలోకెల్లా మేటి సెంటర్ ఉన్నా పరిస్థితి అదీ.

ఇక అంకెల సంగతి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక పాత పద్ధతి లైన్‌కు చాలా అన్యాయం చేస్తోంది. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పట్టి పడేస్తే దాన్ని శాక్ అంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్‌లో పోయిన గజాలను పాసింగ్, అంటే విసిరే ఆట, లెక్కలోంచి తీస్తారు, కాలేజీలో పరుగుల లెక్కలోంచి తీస్తారు. ఒక జట్టు 30 పరుగుల్లో 150 గజాలు సంపాదించిందనుకుందాం. పరుగుకు సగటు 5, చాలా మంచి ఆట. అదే మ్యాచ్‌లో 4 శాక్‌లలో 30 గజాలు పోయాయి. మర్నాడు కాగితం మీద కనిపించేది 34 పరుగులు, 120 గజాలు, సగటు మూడున్నర. చదివినవాళ్లు ఈ లైన్ దారి తియ్యలేకపోయిందని అనుకుంటారు. శాక్‌లు తీసేసి చూడకుండా కాలేజీ లైన్ గురించి ఎవరు మాట్లాడినా నేను ఆ మాటకు విలువ ఇవ్వను.

అంతకన్నా తెలివైన కొలత లైన్ గజాలు. దీని వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. మొదటి 4 గజాల వరకు ఘనత పూర్తిగా లైన్‌దే. 5 నుంచి 10 వరకు సగమే. ఆపైన ఏమీ లేదు, అది పరుగెత్తేవాడి కాళ్ల చలవ. వెనక్కి పడితే తప్పు 120 శాతంగా లైన్ మీద వేస్తారు. ఆ లెక్కన 8 గజాల పరుగులో లైన్ వాటా 6. 40 గజాలు దూసుకుపోయిన పరుగులో 7 మాత్రమే. అంటే ఆ రెండు ఆటల్లోనూ లైన్ చేసిన పని దాదాపు సమానం. ఒకటి మాత్రం టీవీలో పదిసార్లు వేస్తారు.

ఈ కొలతకూ హద్దుంది. కాలేజీల్లో జట్ల మధ్య తేడా కొండంత. పెద్ద జట్లు సీజన్ మొదట్లో చిన్న జట్లను పిలిచి ఆడతాయి. ఆ మ్యాచ్‌ల్లో ఏ లైన్ అయినా రాజులాగే కనిపిస్తుంది. సగటు చూడకండి. సమానమైన బలం ఉన్న మూడు నాలుగు జట్ల మీద ఏం చేశారో అది చూడండి.

అంకెలతో తేలనిది వీడియోతో తేలుతుందా? కొంతవరకే. ఒక ఆటను దగ్గర నుంచి చూద్దాం. కుడివైపు గార్డ్, టాకిల్ పక్కపక్కన ఉన్నారు. ఎదురుగా ఇద్దరు డిఫెండర్లు. బంతి కదలగానే గార్డ్ ముందున్నవాడు టాకిల్ వైపు అడ్డంగా దూకుతాడు. టాకిల్ ముందున్నవాడు ఒక అడుగు ఆగి, వాడి వెనకనుంచి చుట్టి లోపలికి వస్తాడు. దీన్ని ట్విస్ట్ అంటారు. గార్డ్ తన మనిషిని టాకిల్‌కు అప్పగించి తన చోటికి తిరిగి రావాలి. టాకిల్ ఆ అప్పగింత అందుకోవాలి. గార్డ్ తన మనిషి వెంటే అర అడుగు ఎక్కువ వెళ్లాడనుకోండి, చుట్టి వచ్చినవాడికి లోపల తలుపు తెరిచినట్టే. టీవీలో మనకు కనిపించేది టాకిల్ ఎదుట ఉండాల్సినవాడు క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం. తిట్లు టాకిల్‌కు పడతాయి. తప్పు గార్డ్‌ది. కొన్నిసార్లు ఇద్దరిదీ కాదు, ముందే తప్పుగా పిలుపు ఇచ్చిన సెంటర్‌ది. కొన్నిసార్లు నాలుగు సెకన్లు బంతి పట్టుకుని కూర్చున్న క్వార్టర్‌బ్యాక్‌ది.

ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ 2014 నుంచి పెద్ద కాలేజీ జట్ల మ్యాచ్‌లలో ప్రతి ఆటకు ప్రతి ఆటగాడికి మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు మార్కులు వేస్తోంది. అది బోలెడంత శ్రమ, ఉపయోగం కూడా ఉంది. అయితే ఆ మార్కులు వేసేవాళ్లకు ఆ గార్డ్‌కు ఏం చెప్పి పంపారో తెలియదు, ఊహించాలి. తెలిసింది కోచ్‌కే. లైన్‌ను అంచనా వేయడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ఎవరు ఓడారో కనిపిస్తుంది, ఎవరి పని ఏమిటో కనిపించదు.

జో మూర్ అవార్డు పెట్టినవాళ్లు ఈ విషయం అర్థం చేసుకున్నారు. పిట్స్‌బర్గ్, నోటర్‌డామ్ జట్లలో లైన్ కోచ్‌గా పేరు తెచ్చుకున్న జో మూర్ పేరిట 2015 నుంచి ఇస్తున్నారు. ఒక మనిషికి కాదు, లైన్ మొత్తానికి. ట్రోఫీ 800 పౌండ్లు, ఐదుగురూ కలిస్తే గానీ కదలదు. 2024లో దాన్ని ఆర్మీ గెలిచింది. సైనిక అకాడమీ కుర్రాళ్లు, చదువయ్యాక ఉద్యోగం సైన్యంలో. పెద్ద జట్ల లైన్‌లంత భారీ శరీరాలు వాళ్లవి కావు. పేరుమోసిన కుర్రాళ్లు అక్కడికి రారు. ఐదుగురూ ఒకే కోణంలో, ఒకే అడుగుతో కదిలి ఆ ఏడాది జట్టును పరుగుల్లో దేశంలోకెల్లా ముందు నిలబెట్టారు. కోచింగ్ అనే మాటకు నా దృష్టిలో నిండైన అర్థం అది. ముడిసరుకు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇదే దృష్టితో ఒహైయో స్టేట్ 2024 సీజన్‌ను చూస్తే కోచ్‌ని అంచనా వేయడం ఎంత కష్టమో తెలుస్తుంది. అక్టోబర్ 12న ఒరెగన్ మీద ఎడమ టాకిల్ జోష్ సిమన్స్ మోకాలు దెబ్బతింది. తర్వాతి మ్యాచ్ నెబ్రాస్కాతో. గెలిచారు, కానీ పరుగుల్లో వచ్చింది 64 గజాలే. బదులుగా దిగిన టాకిల్ కూడా గాయపడ్డాడు. అప్పుడు గార్డ్ డోనవన్ జాక్సన్‌ను టాకిల్‌కు జరిపారు. అతని మొదటి పరీక్ష పెన్ స్టేట్ మైదానంలో, వాళ్ల మేటి డిఫెండర్ అబ్దుల్ కార్టర్ ఎదుట. మొదట్లో తడబడ్డాడు. మ్యాచ్ చివర్లో మాత్రం సొంత గీతకు గజం దూరంలో బంతి అందుకుని, పరుగు మీద పరుగు తీస్తూ గడియారం ఖాళీ చేసి 20-13తో బయటపడ్డారు. ఆ తర్వాత నవంబర్‌లో సాధనలో మెక్‌లాఫ్లిన్ మడమ పైనుండే అకిలిస్ స్నాయువు తెగింది. నెలాఖరులో మిషిగన్ మీద నడుమనుంచే పరుగెత్తాలని మొండిపట్టు పట్టి 13-10తో ఓడిపోయారు.

ఆ రోజు చూసినవాళ్లెవరైనా ఈ లైన్ కోచ్‌ని పంపించేయండి అంటారు. చాలామంది అన్నారు కూడా. కానీ ఆ తర్వాత జాతీయ టైటిల్ కోసం జరిగిన నాకౌట్ మ్యాచ్‌ల్లో వాళ్లు టెనెసీని 42-17తో, ఒరెగన్‌ను 41-21తో, టెక్సస్‌ను 28-14తో ఓడించారు. ఆట ఎంపిక మారింది, బంతి త్వరగా చేతిలోంచి వెళ్లింది. కాబట్టి ఘనత మొత్తం లైన్ కోచ్‌దే అనలేం. అయినా స్థానాలు మారిన ఐదుగురు ఆరేడు వారాల్లో ఒకరి పక్కన ఒకరు నిలబడడం నేర్చుకున్నారు. అది వేరే ఎవరో నేర్పిన పని కాదు.

మెక్‌లాఫ్లిన్ చోట సెంటర్‌గా నిలబడింది కార్సన్ హింజ్‌మన్. 2023లో అదే స్థానంలో 12 మ్యాచ్‌లు ఆడి, సీజన్ ఆఖరి మ్యాచ్‌లో చోటు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది అతని స్థానానికి బయటినుంచి మెక్‌లాఫ్లిన్‌ను తెచ్చారు. 2025 జనవరి 20న అట్లాంటాలో, నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించిన జాతీయ ఫైనల్లో, ఒహైయో స్టేట్ మొదటి బంతిని వెనక్కి అందించింది ఆ హింజ్‌మనే.