అమెరికా ప్రెసిడెంట్, మధ్యే మార్గం: అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో డిగ్రీ పిల్లలకి పొలిటికల్ సైన్స్ చెప్తుంటా. అమెరికా ప్రెసిడెంట్ ఎదుటి పార్టీని కూడా కలుపుకొని మధ్యే మార్గంలో పోవాలంటాను నేను. ఆ చాప్టర్ వచ్చిందంటే దానిమీద అవే డౌట్లు, ఇంటికొచ్చిన బంధువులవీ అవే. (మన రాష్ట్రపతితో కలపొద్దబ్బా, ఇక్కడ 74వ ఆర్టికల్ ప్రకారం క్యాబినెట్ సలహా మీదే నడవాలి.)

అపోహ: గెలిచాక ఎదుటి పార్టీవాళ్ళని పట్టించుకునే పనేంది?

వాస్తవం: మన అసెంబ్లీలో మెజారిటీ ఉంటే బిల్లు పాసైపోద్ది, అది చూసి అక్కడా అంతే అనుకుంటాం. అమెరికా పార్లమెంటు పేరు కాంగ్రెస్, దాని ఎగువ సభ సెనేట్‌లో 100 మంది, చాలా బిల్లులకి చర్చ ఆపి ఓటింగ్ దాకా రావాలంటేనే 60 మంది కావాలి, సొంత పార్టీకి అంతమంది ఉండేది అరుదు. ఉన్నా నమ్మకం లేదు. డెమోక్రాట్ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 1936లో 48 రాష్ట్రాల్లో 46 గెలిచి, ఆ ఊపులో మరుసటేడు సుప్రీంకోర్టులో జడ్జీల సంఖ్య పెంచి తనవాళ్ళని నింపుదామని చూస్తే సొంత పార్టీ సెనేటర్లే అడ్డం తిరిగారు.

అపోహ: మధ్యలో ఉండేవాడు గోడ మీద పిల్లి, పెద్ద పనులు చెయ్యలేడు.

వాస్తవం: ఈ మాటకే నాకు ఒళ్ళు మండేది. 1964 పౌరహక్కుల చట్టం చూడండి. అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్ డెమోక్రాట్, ఆయన పార్టీలోని దక్షిణాది సెనేటర్లే వారాల తరబడి బిల్లుని కదలనీలేదు, అప్పుడు సెనేట్‌లో ఎదుటి పార్టీ రిపబ్లికన్ల నాయకుడు డర్క్‌సెన్‌ని కలుపుకొని, ఆయనడిగిన కొన్ని మార్పులకి ఒప్పుకొని, అసలు విషయం మాత్రం వదలకుండా 73-27తో సెనేట్ దాటించారు. ఆ 73లో 27 మంది రిపబ్లికన్లే! ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ రిపబ్లికన్ అయ్యుండి కూడా రూజ్‌వెల్ట్ తెచ్చిన సోషల్ సెక్యూరిటీని (ముసలివాళ్ళకి పెన్షన్ లాంటిది) పీకెయ్యలేదు సరికదా 1954లో ఇంకా ఎక్కువమందికి అందేట్టు చేశాడు.

అపోహ: కాంగ్రెస్‌తో తలనొప్పెందుకు, సొంతంగా సంతకం పెడితే సరిపోద్దిగా.

వాస్తవం: ఒకరి సంతకాన్ని తర్వాతొచ్చినోడు ఇంకో సంతకంతో తీసెయ్యొచ్చు. ప్యారిస్ వాతావరణ ఒప్పందంలో అమెరికాని ఒబామా సెనేట్ దాకా పోకుండా 2016లో చేర్చాడు, ట్రంప్ బయటికి తెచ్చాడు, 2021లో బైడెన్ మళ్ళీ చేరాడు, 2025లో ట్రంప్ మళ్ళీ బయటికని సంతకం పెట్టాడు. ఈ లోపల ఫ్యాక్టరీ పెట్టేవాడు ఏం ప్లాన్ చేసుకుంటాడు చెప్పండి.

అపోహ: ఒక్క పార్టీ ఓట్లతో తెచ్చిన చట్టం అసలు నిలవదు.

వాస్తవం: ఇది నా వైపు వాదించేవాళ్ళు చెప్పే అతి. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌కి చివరి ఓటింగ్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు, అయినా ఉంది. కాకపోతే 2017లో దాంట్లో ముఖ్యమైన భాగాల్ని రద్దు చేసే బిల్లు 49-51తో కొద్దిలో ఓడిపోయింది, అదీ ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లు సొంత పార్టీకి ఎదురు ఓటేయబట్టి.